వడ్లమూడి ఆవు, గిర్ సింహం

నేను అబద్ధాలు చెబుతాను. ఎవరి కొంపా ముంచడానికి కాదు, రేపల్లె నుంచి తెనాలి దాకా పొద్దుపోవడానికి. మా లైనులో పాసింజరుకి మర్యాద ఎక్కువ. ఎదురు బండి వస్తోందంటే వేమూరులో నిలబడి దారిస్తుంది. అది వెళ్ళిపోయాక కూడా కాసేపు ఆలోచించి మరీ కదులుతుంది. ఆ కాసేపట్లో ఆడవాళ్ళ పెట్టెలో ఎవరో ఒకరు కొంగుతో విసురుకుంటూ నా వైపు తిరిగి, "ఏదన్నా చెప్పవే" అంటారు. నేను చెబుతాను. నిజాంపట్నంలో మా మేనమామ చేతి గడియారాన్ని పీత ఎత్తుకుపోయిందని చెప్పాను. మూడేళ్ళకి అదే పీత వలలో పడిందనీ, గడియారం ఇంకా నడుస్తూనే ఉందనీ, కాకపోతే ఆటుకి ముందుకీ పోటుకి వెనక్కీ తిరుగుతోందనీ చెప్పాను. నవ్వారు. ఎవరూ నమ్మలేదు. నమ్మకూడదనేదే మా మధ్య ఒప్పందం.

ఒక్కసారి ఒక్క మనిషి నమ్మింది. ఆ సంగతే ఇది.

పగలు నేను చేసే పని దీనికి సరిగ్గా ఎదురు. తెనాలి కోర్టు దగ్గర ఒక ప్లీడరుగారి ఆఫీసులో టైపిస్టుని. రోజంతా అఫిడవిట్లు కొడతాను. ప్రతి దాని చివరా, పైన చెప్పినదంతా తనకు తెలిసినంతవరకు నిజమని ఎవరో ఒకరు ప్రమాణం చేస్తారు. ఆ నిజాల్లో నీళ్ళెన్నో పాలెన్నో, టైపు కొట్టేదాన్ని కాబట్టి నాకు తెలుసు. అందుకే రైల్లో చెప్పే వాటికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. వాటికింద ఎవరూ సంతకం పెట్టక్కర్లేదు కదా.

ఒకసారి వడ్లమూడి వైపు నుంచి ఆవు కేసు వచ్చింది. ఒక ఆవు, ఇద్దరు రైతులు, ఇద్దరూ అది నాదంటే నాదని. మామూలు ఆవు కాదు, గుజరాత్ నుంచి తెప్పించిన గిర్ ఆవు. దాని గుర్తులు రాసుకోవడానికి ప్లీడరుగారు నన్ను కూడా తీసుకెళ్ళారు. ఉబ్బెత్తు నుదురు, ఆకు మడిచినట్టుండే పొడవాటి చెవులు, పెళ్ళిచూపుల్లో కూర్చున్నదానిలా వాల్చిన కళ్ళు. దాన్ని లారీలో తీసుకొచ్చిన కాపరి ఇంకా అక్కడే ఉన్నాడు, సాక్ష్యానికి. నాకొచ్చిన హిందీలో అతన్ని పలకరించాను. తమ ఊరు గిర్ అడవి లోపలే ఉందన్నాడు. వాన వెలిసిన పొద్దున్నే అడవంతా పచ్చగా మెరుస్తుందనీ, సింహాలు తమ పశువుల కంచె దాకా వచ్చి గుంటల్లో వాననీళ్ళు తాగుతాయనీ చెప్పాడు. అతని మొహంలో గొప్పలేమీ లేవు. మనం పక్కింటివాళ్ళ కుక్క గురించి చెప్పుకున్నట్టు చెప్పాడు.

మర్నాడు వేమూరులో బండి ఆగింది. "ఏదన్నా చెప్పవే" అన్నారు. కాపరిని తీసేశాను, ఆవుని తీసేశాను, ఆ చోట నన్ను పెట్టుకున్నాను.

"రెండేళ్ళ కిందట గిర్ అడవికి వెళ్ళాను కదా" అని మొదలెట్టాను. "ఒక్కదాన్నే. జీపుకి టాపు లేదు. అప్పుడే వాన వెలిసింది. సింహం వచ్చి బానెట్టు మీద నిలిచిన నీళ్ళు నాకింది. నా వైపు చూసింది. నా కళ్ళజోడు వాసన చూసి తుమ్మింది. అద్దాలు రెండూ తడిసిపోయాయి. అందుకని ఆ తర్వాత ఏం జరిగిందో నాకు కనపడలేదు."

పెట్టె పెట్టంతా నవ్వింది. కిటికీ పక్కన కూర్చున్న టీచరుగారు నవ్వలేదు.

ఆవిడ రేపల్లెలో నాతోపాటే ఎక్కేవారు. తెనాలిలో ఒక మిషన్ స్కూల్లో నాలుగో తరగతికి ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నారు. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. బండి చినరావూరు దాటి అందరూ సంచులు సర్దుకుంటున్నప్పుడు, నాకొక్కదానికే వినపడేట్టు అడిగారు.

"ఒక్కదానివే వెళ్ళావా?"

లేదండీ, సరదాకి చెప్పాను అంటే అక్కడితో అయిపోయేది. "ఒక్కదాన్నేనండి. ఏముంది, ఎక్కి కూర్చుంటే రైలే తీసుకెళ్తుంది" అన్నాను.

ఆ సాయంత్రం తిరుగు బండిలో ఆవిడ పక్కన చోటుంచి నన్ను పిలిచారు. పెళ్ళయి ముప్పై ఆరేళ్ళయిందనీ, బాపట్లలో పుట్టింట్లో తప్ప తాను మరో ఊళ్ళో నిద్ర చేయలేదనీ చెప్పారు. స్కూలు పిల్లల్ని విశాఖ తీసుకెళ్ళినప్పుడు మాత్రం ఒక్క రాత్రి. "ఊటీ అడిగాను, చూద్దాం అన్నారు. కన్యాకుమారి అడిగాను, చూద్దాం అన్నారు. మా ఇంట్లో చూద్దాం అంటే చూడం అని అర్థమే అమ్మాయ్" అన్నారు. నవ్వుతూనే అన్నారు. "ఈయన కొట్టరు, తిట్టరు. చూద్దాం అంటారు. కొట్టే మనిషైతే ఎదురు తిరిగుందును."

మీరూ రండి, నేను తీసుకెళ్తాను అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. నా అబద్ధానికి మొదటిసారి ఒక మర్యాద దొరికింది, అది చేజారిపోకుండా పట్టుకోవాలనుకున్నానేమో.

మూడో మనిషి భట్టిప్రోలులో ఎక్కే నర్సు. తెనాలిలో ఒక ఆసుపత్రిలో పని. మా ఇద్దరికంటే బాగా చిన్నది, ఫోన్లో ఏదైనా లాగగలదు. గిర్ ఒక్కటే కాదు, అక్కడికి కొంత దూరంలో కృష్ణజింకల పార్కు ఇంకొకటి ఉందనీ, మూడు రోజుల్లో రెండూ చూసి రావచ్చనీ తేల్చింది. రైల్లో పోనూ రానూ పోయే రోజులు వేరే. నేషనల్ పార్కు అనే మాట పెట్టెలో వారం రోజులు ఆడింది.

"పార్కుకి అంత దూరం ఎందుకే? తెనాలిలో లేవూ?"

"ఉయ్యాల బల్లలు అక్కడ పెద్దవంట పిన్నీ, సింహాలు కూడా ఊగుతాయంట."

"పులిహోర కట్టుకెళ్ళండమ్మా, బెంచీ మీద కూర్చుని తినొచ్చు."

టీచరుగారు ఆ నవ్వుల్లో తానూ నవ్వారు. ఆవిడ పళ్ళు చూడటం నాకదే మొదలు.

అసలు అడ్డంకి ఇంట్లో ఉంది. టీచరుగారి భర్త రిటైరైన హెడ్మాస్టరు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, రేపల్లెలో వాళ్ళింటికి నన్ను రమ్మన్నారు. ఇస్త్రీ చొక్కాలో వరండాలో కూర్చుని ఉన్నారాయన.

"కూర్చోమ్మా. గిర్ అంటోంది మీ టీచరు. ఆవు కొనడానికా?"

"సింహాన్ని చూడటానికండి."

"సింహం పూటకెన్ని లీటర్లిస్తుంది?" అని తన మాటకి తనే నవ్వుకున్నారు. మా వైపు గిర్ అంటే ఎవరికైనా ముందు ఆవే గుర్తొస్తుంది. నవ్వడం అయ్యాక కళ్ళజోడు సర్దుకుని, పిల్లవాడి చేత ఎక్కం అప్పజెప్పించినట్టు ఒక్కొక్కటే అడిగారు. నేను టకటకా చెప్పాను. పర్మిట్ అక్కడే గేటు దగ్గర ఇస్తారన్నాను. ఆడవాళ్ళకి వేరే జీపు వేస్తారన్నాను.

"ఏ నెలలో వెళ్ళావు?"

మండే వేసవి పోతే, టీచరుగారికి ఒక్కసారిగా అన్ని రోజులు దొరికేది దసరా సెలవుల్లోనే. కాపరి చెప్పిన వాన గుర్తొచ్చింది. రెండూ కలిపాను.

"దసరా సెలవుల్లోనండి. వానలు వెలిసి అడవంతా పచ్చగా ఉంటుంది. అదే అసలు టైమని అక్కడివాళ్ళే చెప్పారు."

నిజానికి ఆ దసరాకి నేను బాపట్లలో మా చెల్లెలి ఇంట్లో, జ్వరంతో గంజి తాగుతూ పడుకుని ఉన్నాను.

"ఒక్కదానివే వెళ్ళొచ్చావా? భయం వెయ్యలేదూ?"

"వేసిందండి. విజయవాడ స్టేషన్లో."

ఆయన పెద్దగా నవ్వారు. నా కథకి అంత బాగా నవ్విన మగమనిషిని నేను చూడలేదు. ఆ నవ్వు మీదే, "సరే, వెళ్ళిరండి. ఒక్కసారే" అన్నారు. తలుపు దగ్గర నిలబడిన టీచరుగారి చేతిలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి. చూద్దాం అనలేదు ఆయన. నేను గేటు దాటుతుంటే ఆవిడ వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. పట్టుకుని వదిలేశారు.

ఇక అప్పట్నుంచి ఆవిడని ఆపలేకపోయాం. రంగుల బట్టలు కడితే జంతువులు బెదురుతాయని నర్సు ఎక్కడో చదివింది. టీచరుగారు తెనాలిలో రెండు మట్టిరంగు నేత చీరలు కొన్నారు. వాటిని చూసి ఆయన "ఈ వయసులో సన్యాసం పుచ్చుకుంటావా ఏంటోయ్?" అన్నారట. అది కూడా రైల్లో చెప్పి నవ్వారు. బాపట్లలో వాళ్ళ తమ్ముడి దగ్గర పాత బైనాక్యులర్స్ ఉన్నాయంటే, రెండో శనివారం ఇద్దరం బస్సెక్కి వెళ్ళి తెచ్చుకున్నాం. తెచ్చుకున్నవాళ్ళం తిన్నగా ఇంటికి రాకుండా, వాడి చూద్దామని సూర్యలంక సముద్రానికి వెళ్ళాం. ఆవిడ చెప్పులు చేతిలో పట్టుకుని ఇసకలో నిలబడి, చాలాసేపు అటూ ఇటూ తిప్పి, ఒక పడవని పట్టుకున్నారు.

"సింహం నీకు ఎంత దూరంలో కనపడింది?"

"అదిగో, ఆ పడవ కంటే బాగా దగ్గరగా అండి."

"అంత దగ్గరగా వద్దులే. ఈ మాత్రం చాలు." కళ్ళ మీంచి అద్దాలు తియ్యకుండానే అన్నారు. "చూశానని నాకు తెలిస్తే చాలు."

అక్కడ, ఆ ఇసకలో, చెప్పేద్దామనిపించింది. మరమరాల బండి అతను వచ్చాడు. మరమరాలు తిన్నాం.

రైలు టికెట్లు తీసుకున్నాం. పర్మిట్ల సంగతి నర్సు పట్టించుకోలేదు. గేటు దగ్గర ఇస్తారని అక్క చెప్పింది కదా, అక్క వెళ్ళొచ్చింది కదా అనుకుంది. ప్రయాణం ఇంకో మూడు వారాలుందనగా, ఎందుకో దానికి అనుమానం వచ్చింది. వేమూరులో బండి ఆగి ఉంది. ఫోను నా మొహం ముందు పెట్టింది.

"అక్కా, ఇదేంటి? తేదీలన్నీ బూడిదరంగులో ఉన్నాయి. నొక్కితే పడట్లేదు."

"సిగ్నల్ లేదేమోనే."

"అక్టోబరు పదహారు నొక్కితే పడుతోంది. దానికి ముందువే పడట్లేదు." ఇంకొంచెం కిందికి జరిపి చదివింది. "వానాకాలమంతా మూసేస్తారంట అక్కా. ప్రతి ఏడూ అంట."

"ఆ జింకల పార్కో?"

"అదీ అంతే."

ఆ ఏడాది దసరా సెలవులు అక్టోబరు మొదటి వారంతో అయిపోతాయి.

కాపరి నాతో అబద్ధం చెప్పలేదు. అతను వానలో సింహాన్ని చూశాడు, ఎందుకంటే అతని ఇల్లు ఆ అడవిలోనే ఉంది. మూసేది మాలాంటి చూడబోయేవాళ్ళకి. అతని నిజాన్ని నేను నా నోట్లో పెట్టుకోగానే అది అబద్ధమైపోయింది.

నర్సు ఫోను దించి నన్నే చూసింది. "మరి నువ్వు దసరాకి ఎట్లా వెళ్ళావక్కా?"

నోట్లో మూడు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. అప్పట్లో ఈ రూలు లేదనొచ్చు. తెలిసిన ఆఫీసరు వదిలాడనొచ్చు. వేరే గేటు అనొచ్చు. టీచరుగారు నా మొహం వైపు చూడటం లేదు. నా చేతుల వైపు చూస్తున్నారు. ముప్పై ఏళ్ళు నాలుగో తరగతి పిల్లల్ని నిలబెట్టి అడిగిన మనిషి. అబద్ధం ఎక్కడ దాక్కుంటుందో ఆవిడకి తెలుసు.

"వెళ్ళలేదండి" అన్నాను.

"దసరాకి వెళ్ళలేదా?"

"ఎప్పుడూ వెళ్ళలేదండి."

"గుజరాత్ దాకా?"

"హైదరాబాదు దాటి ఎక్కడికీ వెళ్ళలేదండి."

"మరి సింహం?"

"ఆవండి. వడ్లమూడిలో చూసిన ఆవు."

ఎదురు సీట్లో ఎవరో ఫక్కున నవ్వారు. ఇంకొకరు అందుకున్నారు. బండి కదిలేసరికి పెట్టె పెట్టంతా నవ్వుతోంది. ఇన్నేళ్ళలో నేను చెప్పినవాటిలో బాగా పండిన కథ అదే.

తెనాలిలో దిగాక ప్లాట్‌ఫారం మీద ఆవిడ వెనక పరిగెత్తాను. ఆగారు. గొంతు పెంచలేదు.

"సింహం తుమ్మిందంటే నమ్మాననుకున్నావా? అంత పిచ్చిదాన్నా? అది కాదు నేను నమ్మింది. మా రేపల్లె నుంచి ఒక ఆడమనిషి ఒక్కతే వెళ్ళి, ఒక్కతే తిరిగొచ్చిందని నమ్మా. అదొక్కటే నమ్మా. ఆ సింహం లేకపోయినా నాకు ఫరవాలేదమ్మా, నువ్వు వెళ్ళొచ్చుంటే చాలు."

గిర్ పక్కనే కంచె వేసిన చోటు ఒకటి ఏడాది పొడవునా తెరిచే ఉంటుందట, అక్కడికైనా వెళ్దామని మా వెనకే వచ్చిన నర్సు అంది. "కంచెలో సింహాన్ని విశాఖలో చూశాను" అన్నారు టీచరుగారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఆయనకి నేను చెప్పను. నువ్వే వచ్చి చెప్పు."

ఆ సాయంత్రం వెళ్ళాను. అదే వరండా, అదే కుర్చీ. ఆవు దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పాను. వరస తప్పకుండా, ఏదీ కలపకుండా, అఫిడవిట్టులా. ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడితే నా ప్రాణానికి హాయిగా ఉండేది. ఆయన నవ్వారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మరీ నవ్వారు.

"ఏమోయ్, విన్నావా? ఆవంట!" అని లోపలికి కేకేశారు. "ఆ రోజే అనుకున్నా. ఆడది ఒక్కతే అంత దూరం వెళ్ళొచ్చిందంటే నువ్వెట్లా నమ్మావోయ్? కాఫీ ఇవ్వు పాపం, నిజం చెప్పడానికి ఎంత కష్టపడిందో!"

టీచరుగారు కాఫీ తెచ్చారు. నా చేతికి గ్లాసు ఇచ్చి, ఆయన ఎదురుగా నిలబడ్డారు.

"పదహారు నుంచి తెరుస్తారంట. నవంబరులో సెలవు పెడతాను."

ఆయన ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. ప్రేమగానే చూశారు భార్య వైపు.

"చూద్దాం" అన్నారు.

టికెట్లు రద్దు చేశాం. టీచరుగారు సీటు మారలేదు, నాతో మాట్లాడటం మానలేదు. ఎండ గురించి, బండి ఆలస్యం గురించి మాట్లాడేవారు. ఆ రెండు మట్టిరంగు చీరలూ మార్చి మార్చి స్కూలుకి కట్టుకొచ్చేవారు. ఎవరో "ఈ రంగు మీకు బాలేదు టీచరుగారూ" అంటే, "కొన్నాక కట్టాలి కదమ్మా" అన్నారు. వేసవి సెలవులకి ముందే రిటైరయ్యారు. కిటికీ పక్క సీట్లో ఇప్పుడెవరు ముందెక్కితే వాళ్ళు కూర్చుంటున్నారు. పెట్టెలో ఇప్పటికీ "ఏదన్నా చెప్పవే" అంటారు. నేను తలతిప్పితే "పోనీ ఆవు సంగతి చెప్పు" అంటారు. చెబుతాను. నవ్వుతారు.

ఈ ఏడు వానలు తగ్గాక నర్సు మళ్ళీ ఫోను తీసింది. డిసెంబరులో మూడు రోజులు. తేదీలు తెరిచి ఉన్నాయి, పర్మిట్ ముందే తీసుకోవాలి, పేర్లూ వయసులూ ఇవ్వాలి. ఈసారి ప్రతి అక్షరం నేనే చదివాను. ఆ కాగితం ఆఫీసులో ప్రింటు తీసుకుని రేపల్లెలో టీచరుగారింటికి వెళ్ళాను. ఆవిడ పెరట్లో గోంగూర మడికి నీళ్ళు పెడుతున్నారు. ఒంటి మీద ఆ మట్టిరంగు చీర, ఉతికి ఉతికి ఇంకా మట్టిలా ఉంది.

"ఈసారి నిజమండి. మీరే చదివి చూడండి. ముగ్గురం వెళ్దాం" అన్నాను.

చేతులు కొంగుకి తుడుచుకుని కాగితం తీసుకున్నారు. పై నుంచి కింది దాకా చదివారు. రెండో పేజీ తిప్పి అదీ చదివారు. లోపల్నుంచి మాస్టారు "ఎవరోయ్? మన ఆవు అమ్మాయా? లోపలికి రమ్మను, కొత్తదేదో తెచ్చుంటుంది!" అన్నారు.

టీచరుగారు కాగితాన్ని మొదట ఎలా మడిచి ఉందో అదే మడతల మీద మడిచి, నా చేతిలో పెట్టారు. చాలా నెమ్మదిగా, పసిపిల్లకి సర్ది చెబుతున్నట్టు అన్నారు.

"చూద్దాం."

సోమవారం భట్టిప్రోలులో ఎక్కగానే నర్సు అడిగింది. "టీచరుగారు ఏమన్నారక్కా?"

"చూద్దాం అన్నారు."

"అబ్బ! అయితే ముగ్గురమని పెట్టేస్తున్నా" అని ఫోను మీదికి వంగింది. ఆ ఇంట్లో ఆ మాటకి అర్థమేంటో దానికి తెలియదు. నేను వద్దనలేదు.